మా ఆఫీసు రోగం

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకు సెలవు కావాలంటే ఫోన్ తీసి రెండు చోట్ల నొక్కితే చాలట. మా అమ్మాయి అలాగే పెడుతుంది. "కారణం అడగరా?" అంటే, "ఎందుకడుగుతరు డాడీ, నా సెలవు నా ఇష్టం" అంది. అదృష్టవంతులు. మా రోజుల్లో సెలవంటే ఉత్తరం, ఉత్తరమంటే కారణం, కారణమంటే రోగం. మా ఆఫీసులో అందరికీ ఒకటే రోగం ఉండేది. దాన్ని కనిపెట్టినవాణ్ని నేనే కాబట్టి, దాని సంగతి చెప్పే పని కూడా నాదే.

నాంపల్లి స్టేషన్ దారిలో, ఇప్పుడు మెట్రో నీడ పడుతున్న రోడ్డు పక్క సందులో మా ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్ళు చాలామంది ఇంకా పెన్షన్ తీసుకుంటున్నారు. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో బషీర్‌బాగ్ స్టేడియంలో ఒక క్రికెట్ మ్యాచ్ పడింది. వెళ్ళకపోతే ప్రాణం పోయేలా ఉంది. అప్పటి మా పెద్దసారు మహా గడుసు. జ్వరమంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాడు. కడుపునొప్పంటే వాము నమలమనేవాడు. ఒక మధ్యాహ్నమంతా ఫైళ్ళు పక్కన పెట్టి, కష్టపడి ఒక వాక్యం తయారుచేశాను.

"నిన్న సాయంత్రం నుండి అకస్మాత్తుగా తల తిరుగుచున్నది, గుండె దడదడ కొట్టుకొనుచున్నది, నిలబడలేకపోవుచున్నాను."

తల తిరిగితే పైకి కనబడదు. గుమాస్తా గుండె మీద చెవి పెట్టి వినే పెద్దసారు ఎక్కడా ఉండడు. సెలవు మంజూరైంది. మ్యాచ్‌లో మనవాళ్ళు ఓడిపోయారు, ఆ బాధ వేరు.

మా ఆఫీసులో దఫేదార్ ఒకాయన ఉండేవాడు. పెద్దసారు గది ముందు కూర్చుని లోపలికి ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో చూసేవాడు. నాతోపాటే చేరాడు, నాకంటే ముందే అందరికీ కావలసినవాడయ్యాడు. నా ఉత్తరం లోపలికి తీసుకుపోయింది ఆయనే. ఆ వాక్యం ఆయనకు తెగ నచ్చింది. వారం తిరక్కుండా ఇంకో గుమాస్తాకు పెళ్ళిచూపులు పడితే, నా ఉత్తరానికి నకలు తీసి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నమూనా కాగితాల కట్ట ఒకటి ఆయన బీరువాలో శాశ్వతంగా చేరిపోయింది. పేరు, తేదీ ఖాళీ, మిగతాదంతా తయారు. బదిలీ మీద వెళ్ళినవాళ్ళు దాన్ని కోఠిలోని ఆఫీసులకూ, చాదర్‌ఘాట్‌లోని ఆఫీసులకూ పట్టుకుపోయారు. ఎక్కడ ఎవరికి దడ పుట్టినా నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

కాలం గడిచి నేనే సూపరింటెండెంట్‌నయ్యాను. సెలవుల కాగితాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. దొంగకు తాళాలిచ్చారని మీరు నవ్వుకోవచ్చు. నేను మాత్రం ఊళ్ళో ఉన్న అబద్ధాలన్నీ పట్టుకునేవాడిలా తయారయ్యాను. ఆ వాక్యం కనబడితే చాలు, మనిషిని పిలిచి నలుగురి ముందు నిలబెట్టేవాణ్ని. "ఏందయ్యా, దడ ఎక్కడ పుట్టింది? బావమరిది పెండ్లిలనా?" అనేవాణ్ని. సెక్షన్ అంతా గొల్లుమనేది. నాకు అది బాగుండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు ఎన్నికలొచ్చాయి. పోలింగ్ బూతుల్లో కూర్చునేందుకు ప్రతి ఆఫీసూ మనుషుల్ని పంపాలి. పేర్ల జాబితా తయారుచేయడం, ట్రైనింగ్‌కు అందరూ వచ్చేలా చూడడం నా నెత్తిన పడింది. ఒక్క మనిషి తగ్గినా సంజాయిషీ, ట్రైనింగ్‌కు రాకపోతే సస్పెన్షన్ అని పైనుంచి రోజుకు పది ఫోన్లు. అప్పటి మా ఆఫీసరు మేడం నన్ను పిలిచి, "ఒక్కరు మిస్ అయినా మీ పేరే రాసి పంపుతా" అని తేల్చి చెప్పింది. జాబితా ఇలా వెళ్ళిందో లేదో, బల్ల మీద పదకొండు ఉత్తరాలు వచ్చి పడ్డాయి. పదకొండింటిలోనూ నా వాక్యమే. "చున్నది"లు కూడా అలాగే ఉన్నాయి.

ఒక్కొక్కరినీ పిలిచాను. ఒక్కొక్కరికీ హారతి పట్టాను. పదకొండో ఉత్తరం ఒక జూనియర్ అసిస్టెంటుది. మహబూబ్‌నగర్ పక్క పల్లె నుంచి వచ్చింది, నలభై దాటిన మనిషి, భర్త చనిపోతే ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. ఎదుగుతున్న కూతురు ఒకతె ఉంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. వచ్చి నా బల్ల ముందు నిలబడింది, బల్ల అంచు మీద చెయ్యి వేసింది.

"సార్, నాది నిజంగనే సార్," అంది.

"అందరిదీ నిజమేనమ్మా. నీకొక్కదానికి అబద్ధమెందుకైతది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కదల్లేదు. ఆ చెయ్యి అలాగే బల్ల మీద ఉంది. ఎదురుగా నిలబడి బల్ల పట్టుకుని మాట్లాడడం నాకు పొగరుగా కనబడింది.

"ముందుగాల టేబుల్ మీదికెల్లి చెయ్యి తియ్యమ్మా. పెద్దోళ్ళ ముంగట ఎట్ల నిలబడాల్నో తెల్వదా?"

తీసింది. తీసి మెల్లగా, గోడ పక్క నుంచి నడుస్తూ వెళ్ళిపోయింది. నేను పదకొండు ఉత్తరాల మీదా కుదరదని ఒకే మాట రాసి తిప్పి పంపాను.

ఇక నా సంగతి మొదలైంది. ఆ వారం ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఫోన్, స్నానానికి పోతే ఫోన్. పొద్దున టిఫిన్ లేదు, ఆఫీసులో చాయ్ మీద చాయ్. ఒక రోజు పదకొండు గంటలప్పుడు సరిచేసిన జాబితా పట్టుకుని అబిడ్స్‌కు నడిచి వెళ్తున్నాను. ట్రైనింగ్ జరిగే కాలేజీ అక్కడే, పోస్టాఫీసు చౌరస్తా దాటాక. చెప్పుల దుకాణాల వరుసలోకి వచ్చేసరికి కాళ్ళ కింద ఫుట్‌పాత్ జరిగినట్లయింది. బోర్డులన్నీ ఒక పక్కకు ఒరిగాయి. గుండె ఎక్కడో గొంతులోకి వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. లెక్క పెట్టలేనంత వేగం. ఒళ్ళంతా చల్లటి చెమట. ఒక షట్టర్ పట్టుకుని నిలబడ్డాను. నా పక్క నుంచి జనం పోతూనే ఉన్నారు, బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. చేతిలో జాబితా ఉంది, ఇది ఎవరిస్తారు అని కూడా అనుకున్నాను. మనిషికి ఆ టైములో వచ్చే ఆలోచనలు అలాంటివే.

దుకాణం యజమాని బయటికి వచ్చి స్టూలు వేశాడు. "క్యా హువా సాబ్? ఏమైతుంది?" అని అడిగాడు.

తల తిరుగుతోంది, గుండె దడదడలాడుతోంది, నిలబడలేకపోతున్నా అని చెప్పబోయి, నోరు మూసుకున్నాను. ఆ మాటలు నావే. ముప్పై ఏళ్ళ కింద మ్యాచ్ కోసం నేను కట్టిన మాటలు. "ఏం లే భాయ్, ఎండ," అన్నాను. అది ఎండాకాలం కూడా కాదు.

పావుగంటకు తగ్గింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఈసారి ఆఫీసులో, నా కుర్చీలోనే. ఆ తర్వాత అది వచ్చినప్పటికంటే, వస్తుందేమోనన్న భయమే ఎక్కువైంది. గోడ గడియారం చూస్తూ బల్ల కింద మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేవాణ్ని. ఒకసారి తొంభై, ఒకసారి నూట పది, మధ్యలో ఎవరో వచ్చి "సార్" అంటే లెక్క పోయేది, మళ్ళీ మొదటినుంచి. మెట్లెక్కితే భయం. స్నానాల గది గడియ పెట్టుకోవాలంటే భయం. మా ఆవిడ పట్టేసింది.

"ఏమైంది నీకు? అన్నం ముంగట పెట్టుకొని చెయ్యి పట్టుకుంటవేంది మాటిమాటికి?"

"ఏం కాలే. గడియారం వదులైంది."

"గడియారం ఆ చేతికి గాదు గదా. దవాఖానకు పోదాం నడువు."

"ఎలక్షన్ అయినంక పోదాం," అన్నాను.

ఎందుకు పోలేదంటారా? దవాఖానకు పోతే డాక్టర్ విశ్రాంతి అంటాడు. విశ్రాంతి అంటే సెలవు. సెలవంటే ఉత్తరం. పదకొండు మందిని నిలబెట్టి కడిగినవాణ్ని, పన్నెండో ఉత్తరం నాదే అయితే సెక్షన్‌లో ఆ రోజు పండగే. ఛీ, అంతకంటే చావడం నయం అనుకున్నాను. ఉత్త మాట కాదు, నిజంగానే అలా అనుకున్నాను. ఇజ్జత్ ఒక పక్క, ప్రాణం ఒక పక్క పెట్టి ఇజ్జత్ వైపు మొగ్గిన తెలివి నాది.

ట్రైనింగ్ రోజు వచ్చింది. అబిడ్స్ కాలేజీలో మొదటి అంతస్తు హాలు. మావాళ్ళందరూ వచ్చారా లేదా అని సంతకాలు చూసుకోవడానికి నేనూ వెళ్ళాను. ఆ జూనియర్ అసిస్టెంట్ అందరికంటే ముందే వచ్చి మూడో వరసలో కూర్చుంది. సంతకాలు సరిపోయాయి. హమ్మయ్య అనుకుని మెట్లు దిగుతున్నాను. సగం మెట్ల దగ్గర దడ పట్టుకుంది. ఈసారి షట్టరూ లేదు, స్టూలూ లేదు. అలాగే మెట్టు మీద కూలబడ్డాను. జనం అటూ ఇటూ తప్పుకుని పోతున్నారు. మావాళ్ళు ఇద్దరు చూశారు కూడా. సార్ ఎవరికోసమో కాపుకాసి కూర్చున్నాడనుకున్నారట, తర్వాత చెప్పారు.

వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడింది.

"సార్, కింద పడరు. నేను పట్టుకున్న. కండ్లు మూసుకోకున్రి, ఆ గోడ దిక్కు చూడున్రి," అంది నీళ్ళు తాగడానికి హాల్లోంచి బయటికి వచ్చిన జూనియర్ అసిస్టెంట్. "గొంతుల కొట్టుకుంటుందా? చెవులల్ల గాలి ఊదినట్లు ఉందా?"

"ఔ," అన్నాను. గొంతులో కొట్టుకుంటుందని ఏ నమూనా కాగితంలోనూ లేదు. ఆమెకెలా తెలుసు?

"నాకు గిట్లనే అయితది సార్. లేవున్రి, దవాఖానకు పోదాం."

"నువ్వు ట్రైనింగ్ వదిలిపెట్టి వస్తే సస్పెన్షన్ అయితదమ్మా."

"అయితే అయింది. సార్‌ను మెట్ల మీద ఇడిసిపెట్టి పోతనా?"

ఆటోలో కూర్చోబెట్టింది. బషీర్‌బాగ్ వైపు ఒక చిన్న దవాఖాన. లోపల నన్ను పడుకోబెట్టి ఛాతీకి తీగలు తగిలించారు. డాక్టర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. "చెప్పండి అంకుల్, ఏమవుతోంది?" అంది. వేరే మాటల కోసం వెతికాను. దొరకలేదు. కళ్ళు మూసుకుని నా వాక్యమే అప్పజెప్పాను. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. శ్రద్ధగా రాసుకుంది. ఎప్పట్నుంచి, రోజుకు ఎన్నిసార్లు, నిద్ర ఎలా ఉంది, ఏం తింటున్నారు అని అడిగింది. నేను ఎవరినీ అడగని ప్రశ్నలవి.

ఈసీజీ, రక్తపరీక్ష అన్నీ చూసి, గుండెకు ఇప్పటికి ప్రమాదం కనబడటం లేదంది. బీపీ పెరిగింది, తిండి లేదు, నిద్ర లేదు, కంగారు బాగా ఉంది, వారం తర్వాత మళ్ళీ రావాలంది. ఆ మాట విన్నాక ఏడుపొచ్చింది. అరవైకి దగ్గర పడ్డ మగవాణ్ని, తీగలతో పడుకుని ఏడ్చాను. దాచుకునేదేముంది.

అప్పుడే గుమ్మం దగ్గర నర్సు గొంతు వినబడింది. "ఏమ్మా, ఎందుకు తలుపు పట్టుకున్నారు? మీకేమైంది?"

తల తిప్పి చూశాను. జూనియర్ అసిస్టెంట్ తలుపు చెక్క అంచు పట్టుకుని నిలబడి ఉంది. సరిగ్గా అలాగే, నా బల్ల అంచు పట్టుకున్నట్లే. మొహంలో రక్తం లేదు. ఆ రోజు నా ముందు ఆమె ఎందుకు చెయ్యి వేసిందో నాకు అప్పుడు అర్థమైంది. పడిపోకుండా పట్టుకుంది. నేను తియ్యమన్నాను.

నేను లేచిన మంచం మీదే ఆమెను పడుకోబెట్టారు. యంత్రంలోంచి వచ్చిన కాగితం చూసి డాక్టర్ ఇంకో పెద్ద డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆమె సంచిలో ప్లాస్టిక్ కవర్ నిండా రిపోర్టులున్నాయి, నాలుగు నెలలవి. గుండె లయ తప్పి కొట్టుకుంటోందట, ఇవాళ ఇంటికి పంపేది లేదన్నారు.

ఆ కవరు చేతిలో పట్టుకుని, "ఇవి ఎందుకు పెట్టలేదమ్మా నీ ఉత్తరానికి?" అని అడిగాను.

"పెడ్తనన్న సార్. దఫేదార్ వద్దన్నడు. మన ఆఫీసుల గీ కాగితమే ఇస్తరు, ఇంకేమన్న జోడిస్తే సార్‌కు డౌట్ వస్తది అన్నడు. పేరు రాసి ఇచ్చిన."

నిజమైన రోగానికి నా దొంగ ఉత్తరం పెట్టింది, అది ఆఫీసు పద్ధతి అనుకుని. ఆ పద్ధతి పెట్టింది నేను.

వాళ్ళ అక్కకు ఫోన్ చేసి, ఆమె వచ్చేదాకా కూర్చుని, రిపోర్టులకు జిరాక్సులు తీయించి, మళ్ళీ అబిడ్స్‌కు పరుగెత్తాను. పరుగెత్తడమంటే మాటవరసకే, ఒక్కో అడుగూ భయపడుతూ వేశాను. సాయంత్రం ట్రైనింగ్ ముగిశాక రానివాళ్ళ, మధ్యలో పోయినవాళ్ళ పేర్లు పైకి పంపుతారు. అందులో ఆమె పేరు పడితే మంచంలో ఉండగానే సస్పెన్షన్ కాగితం వస్తుంది. ప్రిన్సిపాల్ గదిలో ఎన్నికల పని చూసే అధికారి కూర్చుని ఉన్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. ఆమె కవరులోనే ఉన్న, నేను తిప్పి పంపిన ఉత్తరం, రిపోర్టులు ముందు పెట్టాను. మొదటి వాక్యం చదివి, మిగతావి చూడకుండానే నా వైపు తోశాడు.

"ఏంది సార్ ఇది? నేను చాదర్‌ఘాట్‌ల పనిచేసినప్పుడు గూడ గిదే లెటర్. అందరికి నిన్న సాయంత్రం నుంచే దడ వస్తదా? సీనియర్లు మీరు గూడ గిట్ల చేస్తే ఎట్ల?"

అది నా గొంతే. నా ఎగతాళి, నా నవ్వు. నాకు గుండె మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నేను మణికట్టు పట్టుకోలేదు.

"ఆ వాక్యం రాసింది నేను సార్," అన్నాను.

"అంటే?"

చెప్పాను. మ్యాచ్ సంగతి, దఫేదార్ బీరువా సంగతి, పదకొండు ఉత్తరాల సంగతి, బల్ల మీది చెయ్యి సంగతి. పక్కన ఇద్దరు గుమాస్తాలు రాయడం ఆపి వింటున్నారు. పరువంతా ఆ గదిలో పోయింది. "ఉత్తరం అబద్ధం సార్. మనిషి నిజం. జర రిపోర్టులు చూడున్రి," అన్నాను.

ఆయన రిపోర్టులు దగ్గరికి లాక్కున్నాడు. కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "ఆమెకు బదులు ఎవరొస్తరు?" అన్నాడు.

"నా పేరు రాసుకోన్రి."

"మీకు దడ లేదా మరి?"

"ఉంది సార్. డాక్టర్ చూసింది. భయం దడ అంట."

రాసుకున్నాడు. నవ్వాడో లేదో నేను చూడలేదు.

మర్నాడు మిగతా పదిమందినీ మళ్ళీ పిలిచాను. ఈసారి ఒక్కొక్కరినీ విడిగా, కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను. తొమ్మిది మంది నవ్వి, డ్యూటీ చేస్తామన్నారు. ఒకాయన లేచి తలుపు వేసి వచ్చి, షుగర్ పడిపోయి రెండుసార్లు రోడ్డు మీద పడ్డానని చెప్పాడు. ఇన్నేళ్ళూ పక్క సీటులో ఉన్నాడు, నాకు తెలియదు. దఫేదార్ బీరువాలోని కట్ట నేనే తీసి చింపాను. ఆయనకు బాగా కోపమొచ్చింది. "ముప్పై ఏండ్ల సర్వీసు సార్ ఆ కాగితాలకు," అన్నాడు. పోలింగ్ రోజు బూతులో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి వేలికీ సిరా చుక్క పెడుతూ నా గుండెను నేను వింటూనే ఉన్నాను. సాయంత్రం దాకా ఆగకుండా కొట్టుకుంది, అదే పదివేలు అనుకున్నాను.

ఆమె రెండు నెలల తర్వాత వచ్చింది. వైద్యం పనిచేసింది. తర్వాత ప్రమోషన్ కూడా వచ్చి, సెలవుల కాగితాలు ముందుగా తీసుకుని పైకి పంపే సీటుకు వచ్చింది. మేమిద్దరం ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. క్షమించమ్మా అనాలని చాలాసార్లు అనుకున్నాను. ఏదో ఒక ఫైల్ అడ్డం వచ్చేది, లేదా అడ్డం పెట్టుకునేవాణ్ని.

రిటైర్‌మెంట్ ఇంకా నాలుగు నెలలుందనగా ఒక పొద్దున ఆఫీసుకు రాగానే నన్ను దడ మళ్ళీ పట్టుకుంది. చాలా రోజుల తర్వాత, గట్టిగా. భయం దడో, అసలు దడో చెప్పడానికి నేనెవరిని, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. కాగితం తీసుకుని కూర్చున్నాను. నా మాటల్లో కొత్తగా రాద్దామనుకున్నాను. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది, నిన్న సాయంత్రం నుండి అకస్మాత్తుగా అని. అబద్ధం, వచ్చింది ఇవాళ పొద్దున. కొట్టివేసే ఓపిక కూడా లేదు. ఆ కాగితమే పట్టుకుని ఆమె సీటు దగ్గరికి వెళ్ళాను. సెక్షన్‌లో అందరూ తలలెత్తి చూస్తున్నారు.

ఉత్తరం ఆమె ముందు పెట్టాను. పెడుతూ, నాకు తెలియకుండానే, బల్ల అంచు పట్టుకున్నాను.

ఆమె ఉత్తరం వంక చూడలేదు. నా చేతి వంక చూసింది. గబుక్కున లేచి తన కుర్చీ లాగి నా వెనక పెట్టింది.

"కాయితం ఎటు పోదు సార్," అంది. "ముందుగాల కూసోన్రి."